స్టెల్లా బట్టీ, జయరావు మిషను

రేణిగుంటలో రైలు పట్టాలకు అవతల ఉండే వీధిలో స్టెల్లా ఇల్లు చివరిది. రోజూ పొద్దున ఐదున్నరకు ఆమె పెరట్లోకి పోయి బట్టీలో సవక కట్టెలు పేర్చి అంటించేది. ముందురోజు సాయంత్రం పిసికి పెట్టిన మైదా పిండి తెల్లారేసరికి రెండింతలై గిన్నె మూతను ఎత్తేసేది. దాన్ని గుద్ది అణిచి, ఆరు ముద్దలు చేసి, నూనె రాసిన ఆరు రేకు డబ్బాల్లో పెట్టి మళ్ళీ పొంగనిచ్చేది. కట్టెలు కాలి నిప్పులయ్యాక వాటిని బయటికి లాగి, తడి గోనెసంచితో లోపల ఒకసారి తుడిచి, డబ్బాలు లోపలికి తోసి, ఇనప రేకు అడ్డం పెట్టి, అప్పుడు కాఫీ తాగడానికి కూర్చునేది. ఆ బట్టీ వాళ్ళ నాయన కట్టింది. ఆయన రైల్వే క్యాంటీనులో వంటమాస్టరుగా చేసి పోయాడు.

ఆరు బ్రెడ్డుల్లో ఐదు గోవిందస్వామి టీ అంగడికి పోయేవి. ఆరోది మాత్రం పెరట్లో అరుగు మీద తెల్లగుడ్డ కప్పుకుని కూర్చునేది, ఆ పొద్దు వాసన ఎవరికి కొట్టిందో వాళ్ళ కోసం.

స్టెల్లా బట్టీలో కాలే బ్రెడ్డు వాసన రోజుకు ఒక్కరికే వస్తుంది. వీధిలో వాళ్ళకు రాదు. స్టెల్లాకు కూడా కట్టెపొగ తప్ప వేరే వాసనేదీ తెలియదు. గోవిందస్వామి పదిహేనేళ్ళుగా ఆ బ్రెడ్డు అమ్ముతున్నాడు, తను పెనం మీద వెన్న వేసి కాల్చినప్పుడు తప్ప దాని వాసన ఎరగడు. ఎక్కడో ఒకరికి వస్తుంది. ఆ ఒకరు చేస్తున్న పని వదిలేసి, ఎవరినీ దారి అడక్కుండా, సాయంత్రం లోపల గేటు ముందుకొచ్చి నిలబడతారు. ఒకసారి శ్రీకాళహస్తి నుంచి కలంకారీ గుడ్డలకు రంగులద్దే ఆమె వచ్చింది, వేళ్ళకు నీలి రంగు ఆరకముందే. ఐరాల నుంచి ఒక రైతు మోపెడ్ మీద వచ్చాడు. జ్వరమొస్తే తప్ప బ్రెడ్డు ముట్టని మనిషి, ముప్పావు బ్రెడ్డు నమిలేసి, "అయ్యో తల్లీ, చెరుకు తోటలో మోటరు ఆపకుండా వచ్చేసినా" అని లేచి పరుగెత్తాడు. రైలు దిగి వచ్చేవాళ్ళకయితే అంతే లేదు. తిని ఏడ్చినవాళ్ళున్నారు, అరుగు మీదే పడుకుని రెండు గంటలు గుర్రుపెట్టినవాళ్ళున్నారు, ఎక్కాల్సిన బండి ఎక్కకుండా వచ్చిన దిక్కుకే తిరిగి పోయినవాళ్ళున్నారు. స్టెల్లా ఎవరినీ కారణం అడిగేది కాదు.

వీధికి ఇదొక వింత కాదు. ఎదురింటి దేవకమ్మ కొళాయి దగ్గర బిందె పెట్టి, "ఈపొద్దు ఎవురికి కొట్టిందంట స్టెల్లక్కా?" అని అడిగేది. అడిగి, సమాధానం వచ్చేలోపలే చింతపండు సంగతికి దిగేది.

ఈ సంవత్సరం మామిడికాయలు మార్కెట్టుకు వచ్చే రోజుల్లో స్టెల్లా కుడిభుజం పట్టేసింది. చెయ్యి భుజం పైకి లేవదు, జాకెట్టు వేసుకోవాలన్నా మొగుడు జయరావు సాయం కావాలి. శ్రీకాళహస్తిలో నర్సుగా పనిచేసే కూతురు అమల వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. మూడు నెలలు పిండి పిసకడం, కట్టెలు ఎత్తడం రెండూ బంద్ అన్నాడాయన.

"మూడు నెలలు బట్టీ సల్లగా పెట్టాల్నా?" అంది స్టెల్లా, ఇంట్లో ఎవరో పోయినంత గాబరాగా.

"నాయనా, బ్రెడ్డు మిషన్లని వస్తాండాయి. పిండి, నీళ్ళు పోసి బటను నొక్కితే అదే పిసుకుతాది, అదే పొంగిస్తాది, అదే కాలుస్తాది," అంది అమల.

జయరావు ఆ మాట జాగ్రత్తగా విన్నాడు. రైల్వేలో లీవర్లు లాగి పట్టాలు మార్చే పాయింట్స్‌మ్యానుగా చేసి పోయినేడే రిటైరైన మనిషి. చేతికి పనిలేక కొట్టిన కట్టెలనే మళ్ళీ సన్నగా కొడుతున్నాడు. మరుసటి రోజే తిరుపతికి పోయి, మూడు అంగళ్ళు తిరిగి, తెల్లటి మిషనొకటి ఒళ్ళో పెట్టుకుని ఆటోలో దిగాడు.

మిషనుతో వచ్చిన పుస్తకాన్ని అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ముందు నీళ్ళు, పైన పిండి, పిండి మధ్యలో చిన్న గుంట చేసి అందులో ఈస్టు. సిగ్నలు లీవరు లాగినంత శ్రద్ధగా బటను నొక్కి, పక్కనే నేల మీద కూర్చున్నాడు. లోపల రెక్క గిర్రున తిరిగింది. కాసేపు మూలిగింది, కాసేపు బల్ల మీద దబదబా ఎగిరింది, తర్వాత గమ్మునుండింది. స్టెల్లా వంటింటి గడప మీద కూర్చుని, పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయిని చూసినట్టు దాన్ని ఎగాదిగా చూసింది.

మూడో గంటలో వాసన మొదలయింది.

ఇల్లంతా వచ్చింది. ఇల్లు దాటి వీధిలోకి పోయింది. జయరావు కళ్ళు మూసుకుని, గోడకు ఆనుకుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. దేవకమ్మ చేతిలో గరిటె చేతిలోనే ఉండగా లోపలికి వచ్చేసింది.

"స్టెల్లక్కా! మీ ఇంట్లో నించి ఏందో వాసనొస్తాండాది! బ్రెడ్డు వాసనమ్మే! నిజమైన బ్రెడ్డు వాసన!"

వెనకే వీధి కదిలి వచ్చింది. ముప్పై ఏళ్ళుగా బ్రెడ్డు కాలే ఇంటి పక్కన ఉంటూ ఒక్కనాడూ ముక్కుకు ఏదీ అందని జనం, వంటింట్లో మిషను చుట్టూ నిలబడి గట్టిగా ఊపిరి పీల్చారు. బ్రెడ్డు బయటికి తీస్తే చదరంగా, దూదిలా ఉంది. అడుగున రెక్క ఉండిన చోట వేలు పట్టేంత బొక్క. తలా ఒక ముక్క తిన్నారు. పిల్లా పెద్దా అందరూ మిషనుకే ఓటేశారు.

జనం పోయాక స్టెల్లా కూడా ఒక ముక్క తిన్నది. "బాగుండాది," అంది. ఉన్నమాటే చెప్పింది. "మెత్తగా ఉండాది. కానీ ఈపొద్దు ఎవురూ రాలేదు."

"వీధి వీధంతా వచ్చింది గదే!"

"నేను చెప్పేది వీళ్ళ గురించి కాదయ్యా. యాడో ఎవురికో కొట్టాల్సింది కొట్టలేదు. ఆ మనిషి ఈపొద్దు రాకుండానే పోయినాడు."

జయరావుకు ఆ మాట ఎక్కడో తగిలింది. ఇన్నేళ్ళూ నోటి దాకా రానివ్వని మాట అప్పుడు బయటపడింది.

"ముప్పై ఒక్క యేండ్లు మే. నీ బట్టీకి కట్టెలు కొట్టింది ఎవురు? నేను. బూడిద ఎత్తింది ఎవురు? నేను. ఐరాలలో చెరుకు తోటలో ఉండేవాడికి కొట్టింది. ముక్కూ మొగం తెలీనోళ్ళకు కొట్టింది. పక్కన నిలబడినోడికి ఒక్క దినం కొట్టిందా?"

స్టెల్లా విస్తుపోయింది. ఇది ఆయన మనసులో ఉందని ఆమెకు తెలియదు. "అదేమన్నా నేను పంపిస్తానా? నాకూ రాదు గదా."

"నీకు రాకపోయినా నీకు బాధ లేదు. నాకుండాది."

"అయితే ఆ డబ్బా నీ ముక్కు కోసం తెచ్చుకున్నావు. నా భుజానికని చెప్తివే!"

భుజానికనే తెచ్చాడు. కానీ ముక్కు మాట కూడా అబద్ధం కాదు గాబట్టి, జయరావు లేచి వసారాలోకి పోయాడు.

ఆ రోజు నుంచి ఇంట్లో మాటలు తగ్గాయి. అన్నం పెట్టేది, తినేవాడు. జాకెట్టు వేసుకోవాల్సి వస్తే ఆమె వచ్చి వీపు తిప్పి నిలబడేది, ఆయన మాట్లాడకుండా చెయ్యి దూర్చి పంపించేవాడు. మిషను రోజూ ఆడేది. వీధి రోజూ ఊపిరి పీల్చేది. బట్టీలో పిల్లి పడుకోవడం మొదలుపెట్టింది.

మిషనుకు ఎదురు తిరిగినవాడు గోవిందస్వామి ఒక్కడే. ఒకరోజు బొక్కపడిన బ్రెడ్డు ముక్క చేతిలో పట్టుకుని నేరుగా ఇంటికి వచ్చాడు.

"అబ్బా జయరావూ, సూడు దీన్ని. టోస్టు వేసిస్తే ఎలుక కొరికిందా అని అడగతాండారు. నిన్న ఒకడు ఆ బొక్కలో వేలు పెట్టుకుని ఉంగరం మాదిరి తిప్పినాడు. బట్టీ బ్రెడ్డు ఎప్పుడిస్తారు?"

"ఆమెను అడుగు," అన్నాడు జయరావు.

"ఆయన్ని అడుగన్నా," అంది స్టెల్లా లోపల్నుంచి.

గోవిందస్వామి జయరావు వంకా, వంటింటి వంకా చూసి, ముక్క అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఇట్లా ఐదు వారాలు గడిచాయి. కోపం ఎప్పుడో చల్లారింది. కానీ ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఆగినచోటే ఉండటం అలవాటయిపోయింది. ఆయన పడక వసారాలోకి మారింది. ఆమె రేడియో వంటింట్లోకి మారింది. ఒకే ఇంట్లో రెండు ఇళ్ళయ్యాయి.

అప్పుడే ఢిల్లీబాబు ఫోను చేశాడు. జయరావుతో కలిసి ఇరవై ఏళ్ళు డ్యూటీ చేసిన మనిషి, ఇప్పుడు చిత్తూరు పక్కన మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో సెక్యూరిటీ సూపర్‌వైజరు.

"ఈడ ఒక మనిషి కావాల అబ్బా. రూమిస్తారు, తిండి వాళ్ళదే. నెలకొకతూరి ఇంటికి పోయి రావచ్చు. ఊరికే కూసుని ఏం చేస్తాండావు ఆడ?"

జయరావు ఆలోచించకుండా సరేనన్నాడు. ఆలోచించి ఉంటే అనేవాడు కాదు. రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. "చిత్తూర్లో పని దొరికింది. ఎల్లుండి పొద్దున బస్సుకు పోతాండా."

స్టెల్లా మజ్జిగ పోస్తూ ఆగింది. వద్దు అనాలని నాలుక చివరి దాకా వచ్చింది. "పోతే పో," అంది. మజ్జిగ గ్లాసు దాటి కంచంలోకి పోయింది.

మరుసటి సాయంత్రం ఆమె పెద్ద గిన్నె దించింది. ఒక్క బ్రెడ్డుకు సరిపడే పిండి పోసి ఎడమచేత్తో పిసకడం మొదలుపెట్టింది. ఎడమచేతికి అలవాటులేదు. పిండి ఒక పక్కకే పోయేది. గంటకు పైగా పట్టింది. జయరావు వసారాలోంచి అంతా చూశాడు. లేచి పోయి నేను పిసుకుతా అనడానికి ఆరడుగులు నడిస్తే చాలు. నడవలేదు.

పోయే రోజు పొద్దున ఆమె పిల్లిని బట్టీలోంచి లేపి పంపించి, కట్టెలు ఒక్కొక్కటే ఎడమచేత్తో మోసుకుని పోయి అంటించింది. జయరావు వసారాలో సంచి సర్దుకుంటున్నాడు. రెండు లుంగీలు, నాలుగు చొక్కాలు, గడ్డం గీసుకునే సామాన్లు, టార్చిలైటు, చిన్న బైబిలు. తొమ్మిదికి బస్సు.

సంచి జిప్పు సగం లాగి ఉండగా వాసన వచ్చింది.

ముందు మిషననుకున్నాడు. వంటింట్లోకి పోయి చూస్తే అది చల్లగా ఉంది, వైరు కూడా పెట్టలేదు. ఇది ఆ వాసన కాదు కూడా. మిషను వాసన మెత్తగా ఉంటుంది. ఇది వేడిగా ఉంది, కొంచెం పులుపుంది, అడుగున మాడీ మాడని చక్కెర తీపి ఉంది, ఆ వెనక సవక కట్టె ఉంది, ఎండలో ఆరిన దుప్పటి ఉంది. గుండెల నిండా పీల్చాడు. నోట్లో నీళ్ళూరాయి, కళ్ళలో కూడా.

గబగబా వీధిలోకి వచ్చాడు. దేవకమ్మ ముగ్గు వేస్తోంది.

"దేవకమ్మా, ఏమన్నా వాసనొస్తాండాదా?"

ఆమె తలెత్తి రెండుసార్లు ముక్కెగబీల్చింది. "లేదే అన్నా. ఈపొద్దు మిషను పెట్టలేదా?"

అంగడి దాకా పోయాడు. గోవిందస్వామి టీ వడకడుతూ తల అడ్డంగా ఊపాడు. "ఏమీ లేదబ్బా. ఏం, గ్యాసు లీకవుతాండాదా?"

జయరావుకు ఒళ్ళు పులకరించింది. ముప్పై ఒక్క యేండ్లకు! టీ అంగడి నుంచి ఇంటి దాకా పెళ్ళికొడుకు నడక నడిచాడు. గేటు తీసి, ఇంటి పక్క సందులోంచి పెరట్లోకి తిరిగాడు.

స్టెల్లా అటు తిరిగి, అరుగు మీద బ్రెడ్డుకు తెల్లగుడ్డ కప్పుతోంది. నొప్పి చేతిని ఒళ్ళో పెట్టుకుని ఉంది. అడుగుల చప్పుడు విని, ఇంత త్వరగా ఎవరో వచ్చేశారే అనుకుంది. వెనక్కి తిరక్కుండానే, వచ్చిన ప్రతి మనిషినీ అడిగే మాట అడిగింది.

"రాప్పా, కూసో. యాడ నించి వస్తాండావు?"

జయరావు నోరు తెరిచాడు. తన పెరట్లో, తను కొట్టిన కట్టెల పక్కన నిలబడి, ఎక్కడి నుంచి వచ్చానో చెప్పలేకపోయాడు. దూరంగా ఉన్నవాళ్ళకే కదా ఈ వాసన తగిలేది. ఇన్నేళ్ళూ తనకు రాలేదంటే తనను మరిచి కాదు. ఇక్కడే ఉన్నాడు గనక. ఈపొద్దు వచ్చింది.

స్టెల్లా వెనక్కి తిరిగింది. ఆయన మొహం చూసింది. సగం మూసిన సంచి భుజానికి లేదు, కాళ్ళకు చెప్పులు లేవు.

"నీకు..." అంది.

"కొట్టింది," అన్నాడు.

ఆమె చేతిలో గుడ్డ అట్లాగే నిలిచిపోయింది. ఆమెకూ అర్థమయింది. సంతోషపడాలో భయపడాలో తెలియక ఆయన వంకే చూసింది.

"అంత దూరం పోయినానా మే?" అన్నాడు జయరావు, చిన్నగా.

"నేను మాత్రం దగ్గర్లో ఉండానా," అంది స్టెల్లా. అని, పక్కకు జరిగి చోటిచ్చింది. "యాడ నించి వచ్చినావో చెప్పలేదే."

"వసారాలో నించి."

"శానా దూరమే," అంది. మొదట ఎవరు నవ్వారో చెప్పడం కష్టం. దేవకమ్మ ప్రహరీ గోడ మీదుగా తొంగి చూసేసరికి ఇద్దరూ కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు, ఇద్దరి నోట్లోనూ బ్రెడ్డు ఉంది.

బ్రెడ్డు ఒక పక్క ఎక్కువ పొంగింది, ఇంకో పక్క గట్టిగా ఉంది. ఎడమచేతి పిండి మరి. జయరావు గట్టి పక్కే తిన్నాడు. చివరి ముక్క దాకా తిని, ఫోను తీశాడు.

"ఏమబ్బా, బస్సెక్కినావా?" అన్నాడు ఢిల్లీబాబు.

"లేదబ్బా. రాలేను."

"ఏం, ఒళ్ళు బాగలేదా?"

"ఈపొద్దు వాసన నాకు కొట్టింది."

ఢిల్లీబాబు రేణిగుంటలో ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు. "అట్లనా," అన్నాడు. "అట్లయితే ఏం చేసేది లే. ఇంకెవురినన్నా చూసుకుంటాం. ఒక ముక్క నాకూ పెట్టుండు, వచ్చినప్పుడు తింటా." పెట్టేశాడు.

ఆ సాయంత్రం జయరావు చేతులు కడుక్కుని పిండి ముందు కూర్చున్నాడు. ఆరు బ్రెడ్డుల పిండి పిసకడం లీవరు లాగడమంత సులువు కాదని అరగంటలో తెలిసింది. నడుము పట్టుకుని లేచి, మిషను పుస్తకం మళ్ళీ తెరిచాడు. పన్నెండో పేజీలో ఒక బటను ఉంది. పిండి పిసికి, పొంగించి, కాల్చకుండా అక్కడితో ఆగిపోయే బటను. ఐదు వారాలుగా వేలు పెట్టే చోటికి పక్కనే ఉండింది.

"స్టెల్లా! ఇట్ల రా. ఈ డబ్బా పిసికి ఆపేస్తుందంట. కాల్చేది నీ బట్టీలో కాల్సుకోవచ్చు!"

స్టెల్లా వచ్చి బటనును చూసింది, ఆయన్ను చూసింది. "బొక్క పడదా?"

"డబ్బాల్లో పెడితే బొక్క యాడ నించి వస్తాది?"

"అయితే గోవిందస్వామన్న బతికిపోయినాడు," అంది.

మరుసటి పొద్దు మిషను మూడు విడతలు పిసికింది. జయరావు ముద్దలు చేశాడు, వంకరగానే వచ్చాయి. స్టెల్లా పక్కన కూర్చుని ఎడమచేత్తో నిప్పులు లాగింది. రేకు అడ్డం పెట్టాక ఇద్దరూ అరుగు మీద కూర్చున్నారు. మిషను పిసికిన పిండికి వాసన పోతుందో పోదోనని ఇద్దరికీ దిగులుగానే ఉంది. పదకొండయింది. పన్నెండయింది. రెండున్నరకు గేటు చప్పుడైంది. భుజానికి ల్యాప్‌టాపు సంచీ, చేతిలో చక్రాల పెట్టె, ఎయిర్‌పోర్టు వైపు నుంచి నడిచి వచ్చిన అమ్మాయి. చెమటతో తడిసిపోయి, ఏదో అడగాలని నోరు తెరిచి, ఏం అడగాలో తెలియక నిలబడింది.

"రా తల్లీ, కూసో," అన్నాడు జయరావు.

ఆ అమ్మాయి బ్రెడ్డంతా తిని, ఎక్కాల్సిన విమానం పోయిన తర్వాత ఎవరికో ఫోను చేసి, గంటసేపు నెమ్మదిగా మాట్లాడింది. పోతూ పోతూ చెప్పులు మరిచిపోయి, మళ్ళీ వచ్చి తీసుకుపోయింది.

స్టెల్లా భుజం దసరాకు కుదుటపడింది. ఆదివారాలు మాత్రం మధ్యాహ్నం మిషను తన పద్ధతిలో తనే కాలుస్తుంది, వీధి కోసం. మిగతా రోజులన్నీ బట్టీయే. రేకు అడ్డం పెట్టగానే జయరావు దాని ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, గుండెల నిండా ఊపిరి పీలుస్తాడు.

"ఏమన్నా వస్తాండాదా?" అని అడుగుతుంది స్టెల్లా. అడిగేటప్పుడు ప్రతిరోజూ ఆమె చెయ్యి కాఫీ గ్లాసు మీద ఒక్క క్షణం ఆగుతుంది.

ఆయన ఇంకోసారి పీల్చి చూస్తాడు, పొరపాటు లేకుండా.

"ఏమీ లేదు మే," అంటాడు, ముఖం విప్పారుతుండగా. "పొగ."